చిన్న కెమెరా కొనేముందు మీ హాల్లో వెలుతురు చూడండి

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. ప్రైవేటు స్కూల్లో టీచర్ని. పాపకు పదేళ్లు, కూచిపూడి నేర్చుకుంటోంది. బాబుకు రెండేళ్లు, క్షణం నిలవడు. ఫోన్లో ఫొటోలు వేలకు వేలు ఉన్నాయి కానీ ఆల్బమ్ వేయిద్దామని కూర్చుంటే పనికొచ్చేవి పట్టుమని పది కూడా దొరకలేదు. ఇంట్లో తీసినవి అలుక్కుపోయాయి. స్టేజి మీద తీసినవాటిలో పాప ముఖం తెల్లగా వెలిసిపోయింది. యాభై వేల దాకా పెట్టి ఒక చిన్న డిజిటల్ కెమెరా కొందామనుకుంటున్నాను. వీడియోకూ పనికిరావాలి. షాపులో 40 రెట్ల జూమ్ ఉన్నది చూపించి, స్టేజికి ఇదే కరెక్ట్ అన్నారు. మా తమ్ముడేమో ఫోన్ ఉండగా కెమెరా దండగంటాడు. నాన్నగారిది మిర్చి సాగు, కల్లాల టైములో ఊరెళ్లినప్పుడు అక్కడా తీయాలని ఉంది. ఏ ఫీచర్లు చూసుకోవాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు మీ తమ్ముడి మాట తేల్చేద్దాం. పగటి వెలుతురులో, కుదురుగా కూర్చున్న మనిషిని తీసేంతవరకు అతను చెప్పింది నిజం. ఓ మోస్తరు ఫోన్ కూడా ఆ పని చక్కగా చేస్తుంది. వాట్సాప్‌లో పంపుకోవడానికే అయితే కెమెరా అక్కర్లేదు. కానీ మీరు రాసిన రెండు ఇబ్బందులూ ఫోన్‌కు కష్టమైన చోటే ఉన్నాయి. వెలుతురు తగ్గగానే ఫోన్ ఒక్క ఫొటోతో సరిపెట్టుకోదు. గబగబా నాలుగైదు తీసి, వాటిని కలిపి ఒకే ఫొటోగా మన చేతిలో పెడుతుంది. గోడ మీద క్యాలెండరుకు ఆ పద్ధతి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. రెండేళ్ల పిల్లాడు ఆలోపు సోఫా ఎక్కేసి ఉంటాడు. ఇంట్లో ఫొటోలు అలుక్కుపోవడానికి పెద్ద కారణం అదే. కాబట్టి మీకు కెమెరా దండగ కాదు.

మీ ఉత్తరం చదివితే, స్టేజిని మనసులో పెట్టుకుని కెమెరా వెతుకుతున్నారని తెలుస్తోంది. నా సలహా, ఇంటికోసం వెతకండి. పాప స్టేజి ఎక్కేది ఏడాదికి రెండు మూడుసార్లు. బాబు మీ హాల్లో ట్యూబ్‌లైటు కింద పరుగులు పెట్టేది రోజూ. సాయంత్రం ఏడింటికి ఆ హాల్లో బాగా తీయగలిగిన కెమెరా స్టేజి మీదా బాగానే తీస్తుంది. పెద్ద జూమ్ చూసి కొన్నది హాల్లో చేతులెత్తేస్తుంది. ఆ మాటకొస్తే స్టేజి దగ్గరా దానితో కష్టమే.

ఎందుకో లెక్క వేసి చూద్దాం. గుంటూరులో వెంకటేశ్వర విజ్ఞాన మందిరమో, విజయవాడలో తుమ్మలపల్లి కళాక్షేత్రమో, ముందు వరుసల్లో సీటు దొరికి, పాప మీకు పది మీటర్ల దూరంలో ఆడుతోందనుకుందాం. లెన్సును 100 ఎం.ఎం. (ఈ అంకె పెరిగేకొద్దీ దూరంలోది దగ్గరగా కనిపిస్తుంది) దగ్గర పెడితే ఆ దూరంలో ఫ్రేములోకి వచ్చేది 3.6 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల ఎత్తు. పాప తలమీద పూల నుంచి కాలిగజ్జెల దాకా, చాచిన చేతులతో సహా హాయిగా పడుతుంది. 70 ఎం.ఎం. దగ్గరైతే 5.1 మీటర్లు, 3.4 మీటర్లు. కాస్త చిన్నగా కనిపిస్తుంది, తర్వాత కత్తిరించుకోవచ్చు. ఇప్పుడు ఆ 40 రెట్ల జూమ్ సంగతి. అలాంటివి మామూలుగా 24 ఎం.ఎం. నుంచి 960 ఎం.ఎం. దాకా వెళతాయి. పది మీటర్ల దూరంలో 960 పెడితే ఫ్రేములో పట్టేది అడుగు పైచిలుకు వెడల్పు. పాప ముఖం తప్ప ఇంకేమీ రాదు. హస్తాలు బయటే, పాదాలు బయటే. కూచిపూడిలో అవి లేకుండా ఏం చూస్తాం? అంత దూరం లాగితే చేతి వణుకు కూడా అన్ని రెట్లూ పెరుగుతుంది. ఉప్పలపాడు చెరువు దగ్గర చెట్టుమీద కొంగలను తీయడమే మీ సరదా అయితే ఆ కెమెరానే కొనమనేవాణ్ని.

ఆ జూమ్‌కు మనం చెల్లించేది వెలుతురుతో. అంత పొడవు జూమ్‌ను జేబులో పట్టే కెమెరాలో ఇమడ్చాలంటే సెన్సరును, అంటే వెలుతురును పట్టి ఫొటోగా మార్చే చిప్పును, బాగా చిన్నది చేయక తప్పదు. అలాంటి కెమెరాల్లో ఉండే 1/2.3 అంగుళాల రకం సెన్సరు దాదాపు కందిగింజంత ఉంటుంది, సుమారు 6.2 మి.మీ. వెడల్పు, 4.6 మి.మీ. ఎత్తు. కాస్త ఖరీదైన చిన్న కెమెరాల్లో వాడే 1 అంగుళం రకం (పేరుకే అంగుళం) 13.2 మి.మీ. వెడల్పు, 8.8 మి.మీ. ఎత్తు. వైశాల్యంలో నాలుగు రెట్లు పెద్దది. దీనికి లెన్సు తేడా కూడా తోడవుతుంది. లెన్సు మీద ఎఫ్/1.8, ఎఫ్/3.3 అని అంకెలు ఉంటాయి చూడండి, ఆ అంకె ఎంత తక్కువైతే అంత వెలుతురు లోపలికి వస్తుంది. పెద్ద జూమ్ కెమెరా, ఉదాహరణకు కెనాన్ ఎస్‌ఎక్స్740, జూమ్ చేయకముందే ఎఫ్/3.3, చివరికి వెళ్లేసరికి ఎఫ్/6.9. మంచి 1 అంగుళం కెమెరాల్లో ఎఫ్/1.8తో మొదలై జూమ్ చివర కూడా ఎఫ్/2.8 దగ్గరే ఆగుతుంది. సెన్సరు, లెన్సు రెండూ కలిపి చూస్తే, జూమ్ చేయకుండా తీసినప్పుడు ఒకే షట్టర్ స్పీడులో (వెలుతురును లోపలికి రానిచ్చే సమయం ఒకటే అయితే) రెండో రకం పట్టుకునే మొత్తం వెలుతురు సుమారు పద్నాలుగు రెట్లు ఎక్కువ. మీ హాల్లో ఫొటో చుక్కలు చుక్కలుగా వస్తుందా, పిల్లాడి కనురెప్పలు కనపడేలా వస్తుందా అన్నది అక్కడే తేలిపోతుంది.

మెగాపిక్సెళ్ల గురించి ఎవరేం చెప్పినా తల ఊపి వదిలేయండి. 20 మెగాపిక్సెళ్ల ఫొటోను 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) వేయిస్తే 12x18 అంగుళాల ప్రింటు నిక్షేపంగా వస్తుంది. మన పెళ్లి ఆల్బముల్లో ఒక్కో పేజీ సైజు అంతే కదా. అటు సగం, ఇటు సగం కత్తిరించి నాలుగో వంతు మాత్రమే ఉంచుకున్నా 6x9 ప్రింటుకు ఢోకా లేదు. అందుకే స్టేజి దగ్గర 70 ఎం.ఎం. సరిపోతుందని ధైర్యంగా చెబుతున్నాను.

స్టేజి మీద పాప ముఖం వెలిసిపోవడానికి మాత్రం కారణం వేరు, దానికి కొత్త కెమెరా ఒక్కటే మందు కాదు. వెనక నల్ల తెర, మధ్యలో పాప మీద లైటు. కెమెరా ఫ్రేము మొత్తాన్ని సగటున చూసి, చీకటి ఎక్కువగా ఉందే అని అంతటినీ వెలిగించేస్తుంది. తెర బూడిద రంగుకు వస్తుంది, ముఖం సున్నం కొట్టినట్టు అవుతుంది. కెమెరాలో ప్లస్, మైనస్ గుర్తులతో ఎక్స్‌పోజర్ మార్చుకునే ఏర్పాటు ఉంటుంది. దాన్ని -1 దగ్గర పెట్టండి, చాలకపోతే ఇంకాస్త తగ్గించండి. ఫోన్లోనూ ముఖం మీద వేలు నొక్కిపెట్టి కిందికి జరిపితే ఇదే పని జరుగుతుంది, వచ్చే ప్రోగ్రాముకు కెమెరా రాకపోయినా ఇది చేసి చూడండి. అయితే కెమెరా కొనేటప్పుడు ఆ ప్లస్ మైనస్ కోసం పైన ఒక చక్రమో, లెన్సు చుట్టూ తిరిగే రింగో ఉందా అని చూసుకోండి. మెనూలో నాలుగు గడపలు దాటి వెళ్లాల్సి వస్తే చీకట్లో ఎవరూ వాడరు. షట్టర్ స్పీడు 1/250 సెకనుకు తగ్గకుండా ఉంచండి, గెంతులకైతే 1/500. వెలుతురు అంతగా లేకపోతే జతి ముగించి పాప భంగిమలో నిలిచే అరక్షణం కోసం కాచుకుని నొక్కండి. అప్పుడు 1/100 కూడా చాలు. ఆ జతులు రోజూ వినే అమ్మగా ఆ క్షణం ఎప్పుడొస్తుందో మీకు తెలిసినంతగా అద్దెకు పిలిపించిన ఫొటోగ్రాఫర్‌కు తెలియదు.

వీడియోకొస్తే, మన కరెంటుతో ఒక తిరకాసు ఉంది. ఇక్కడ సరఫరా 50 హెర్ట్జ్. అంటే పాత రకం ట్యూబ్‌లైట్లు, చవక ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. మన కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. వీడియో సెకనుకు 30 లేదా 60 ఫ్రేముల మీద ఉంటే తెరమీద నల్లచారలు పాకడమో, వెలుతురు ఊగడమో చూస్తారు. కెమెరా కొన్నరోజే మెనూలో పాల్, ఎన్‌టీఎస్‌సీ అని ఉండేచోట పాల్ ఎంచుకోండి. అప్పుడు 25, 50 ఫ్రేములు వస్తాయి. షట్టర్ 1/50 లేదా 1/100 పెడితే చాలామటుకు చారలు పోతాయి. కొన్ని కెమెరాల్లో ఇది మార్చితే మెమరీ కార్డు ఫార్మాట్ చేయమంటుంది, అందుకే ఫొటోలు నిండకముందే చేయమంటున్నాను.

ఇంకోటి, క్లిప్పు ఎంతసేపు నడుస్తుందో అడిగి తెలుసుకోండి. ఈ సైజు కెమెరాలు 4కెలో తీస్తుంటే వేడెక్కుతాయి, అందుకని కంపెనీలే పరిమితి పెడతాయి. కెనాన్ జీ7 ఎక్స్ మార్క్ 3లో 4కె క్లిప్పు 9 నిమిషాల 59 సెకన్లకు ఆగిపోతుంది, సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 5లో 5 నిమిషాలకే. పళ్లెం మీద తరంగం ఆడుతుండగా మధ్యలో కెమెరా ఆగితే ప్రాణం ఉసూరుమంటుంది. ఫుల్ హెచ్‌డీలో పెడితే రెండూ దాదాపు అరగంట నడుస్తాయి. టీవీలో చూసుకోవడానికి ఫుల్ హెచ్‌డీ బాగుంటుంది, నిశ్చింతగా అందులోనే తీయండి. కార్డు మీద వీ30 అని (అది రాసే వేగానికి గుర్తు) ఉన్నది కొనండి, 64 జీబీ చాలు. ఫుల్ హెచ్‌డీ 50 ఎంబీపీఎస్‌లో గంటకు 22 జీబీ పైన పడుతుంది. బ్యాటరీ మాత్రం రెండోది ఉండాల్సిందే. చిన్న ఒళ్లు, చిన్న బ్యాటరీ, దానికి మార్గం లేదు.

మైకు సాకెట్ ఉంటే మంచిదే, కానీ స్టేజికి అది పెద్దగా ఒరగబెట్టదు. మీ సీట్లో కెమెరాకు ఎంత మంచి మైకు తగిలించినా అది వినేది పక్క సీట్లో పిల్లల మాటలనే. మీ ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, సౌండ్ రికార్డింగ్ ఆన్ చేసి, స్పీకరుకు కాస్త దూరంలో తెలిసినవాళ్ల చేతికివ్వండి. నట్టువాంగం, మృదంగం స్పష్టంగా వస్తాయి, తర్వాత వీడియోకు జోడించుకోవచ్చు. సాకెట్ అసలు ఉపయోగం ఇంట్లో. నాన్నగారిని మంచం మీద కూర్చోబెట్టి పాత సంగతులు చెప్పించాలంటే కాలరుకు తగిలించే చిన్న మైకు ఉంటే ఫ్యాన్ చప్పుడు మధ్య కూడా ఆయన గొంతు దగ్గరగా వినిపిస్తుంది. అలాంటి వీడియోలు తీయాలని ఉంటే సాకెట్ ఉన్నదే చూడండి.

ఫోకస్ విషయంలో మీరు భయపడాల్సింది స్టేజి గురించి కాదు. 1 అంగుళం సెన్సరుతో 100 ఎం.ఎం., ఎఫ్/2.8 దగ్గర పది మీటర్ల మీద ఫోకస్ చేస్తే సుమారు 8 మీటర్ల నుంచి 13 మీటర్ల దాకా అంతా స్పష్టంగానే ఉంటుంది. పాప ముందుకొచ్చినా వెనక్కెళ్లినా పోదు. బాబు మీటరు దూరం నుంచి కెమెరా మీదికి ఉరికి వస్తాడే, పరీక్ష అప్పుడు. కాంట్రాస్ట్ ఫోకస్ (స్పష్టత ఎక్కడ పెరుగుతుందో అటూ ఇటూ జరిపి వెతికే పద్ధతి) మీద మాత్రమే నడిచే కెమెరాలు వీడియోలో ముందుకూ వెనక్కూ తడుముకుంటాయి, ముఖం ఒకసారి మసక, ఒకసారి స్పష్టం. ఫేజ్ డిటెక్షన్ (ఎటు, ఎంత జరపాలో ముందే లెక్కగట్టే పద్ధతి) ఉన్నవి ముఖాన్ని పట్టుకుని వదలవు. పైన చెప్పిన రెండింటిలో సోనీ మార్క్ 5లో ఫేజ్ ఉంది, కెనాన్ మార్క్ 3లో లేదు. మీ ఇంట్లో రెండేళ్లవాడు ఉన్నాడు కాబట్టి ఇది నాకు 100 ఎం.ఎం. జూమ్ కంటే ముఖ్యమనిపిస్తోంది.

ఇక మిర్చి కల్లం. మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన ముక్క అదే, ఎందుకంటే కెమెరాకు అంతకంటే గట్టి పరీక్ష లేదు. ఎండలో ఆరబోసిన ఎర్ర మిర్చిని మామూలుగా తీస్తే ఫొటోలో ఒక ఎర్రటి ముద్ద కనిపిస్తుంది. కాయకూ కాయకూ మధ్య గీత ఉండదు, ముడతలు ఉండవు, తొడిమలు ఎరుపులో కలిసిపోతాయి. కెమెరా ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటినీ విడివిడిగా కొలుస్తుంది. కల్లంలో ఎరుపు ఒక్కటే హద్దు దాటిపోతుంది, మిగతా రెండూ తక్కువగానే ఉండటంతో మొత్తం వెలుతురు సరిగ్గానే ఉందని కెమెరా అనుకుంటుంది. ఎక్స్‌పోజర్ -0.7కి దించండి, రంగుల సెట్టింగు వివిడ్ మీద ఉంటే తీసేసి స్టాండర్డ్ పెట్టండి. ఒక్కసారిగా కాయలు విడివిడిగా కనిపిస్తాయి, తాలు కాయ పాలిపోయిన రంగు కూడా తెలుస్తుంది. రా ఫైలు (కెమెరా మార్పులు చేయని ముడి ఫొటో) తీసే సౌకర్యం ఉన్న కెమెరా అయితే తర్వాత సరిచేసుకోవడానికీ ఇంకాస్త చోటు ఉంటుంది. ఉదయం ఏడెనిమిది గంటల ఏటవాలు ఎండలో వెళితే ప్రతి కాయకూ పక్కన సన్నటి నీడ పడి, రాశి మొత్తం లేచి నిలబడినట్టుంటుంది.

మిట్టమధ్యాహ్నం నాన్నగారిని తీయాల్సి వస్తే తలగుడ్డ నీడలో ఆయన కళ్లు కనపడవు. అప్పుడు ఫ్లాష్ వేయండి. ఎండలో ఫ్లాష్ ఏమిటని పక్కవాళ్లు అంటారు, అననివ్వండి. ఈ రకం చిన్న కెమెరాల్లో షట్టరు లెన్సులోనే ఉంటుంది, అందుకని 1/1000 లాంటి వేగంలో కూడా ఫ్లాష్ పనిచేసి నీడలోని ముఖాన్ని వెలిగిస్తుంది. ఫోన్ టార్చి ఈ పని చేయలేదు. ఆ ఎండలో వెనక తెర కూడా కనపడదు, కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ ఉంటే ఎంత హాయో అప్పుడు తెలుస్తుంది. చాలా కెమెరాల పుస్తకాల్లో వాడదగ్గ వేడి 40 డిగ్రీల దాకానే అని రాసి ఉంటుంది. మన ఏప్రిల్, మే నెలలు దాన్ని దాటేస్తాయి కాబట్టి తీయనప్పుడు నీడలో, తెల్లగుడ్డ కింద ఉంచండి. మూసిన కారులో మాత్రం వదలకండి.

ఇన్ని చెప్పాక పేర్లు చెప్పకపోతే బాగుండదు. 1 అంగుళం సెన్సరు, ఎఫ్/1.8–2.8 లెన్సు, 24 నుంచి 70 లేదా 100 ఎం.ఎం. జూమ్, ఈ మూడూ ఉన్నవి సోనీ ఆర్‌ఎక్స్100లో మార్క్ 3, 4, 5, సోనీ జెడ్‌వీ-1, కెనాన్ జీ7 ఎక్స్ మార్క్ 2, 3. యాభై వేలలో వీటిలో కొత్తది దొరకడం కష్టం, వాడినది చూడాల్సిందే. మీకు నేను చెప్పేది ఆర్‌ఎక్స్100 మార్క్ 5. ఫేజ్ ఫోకస్, ఫ్లాష్, పైకి లేచే వ్యూఫైండర్ మూడూ ఉన్నాయి. మైకు సాకెట్ లేదు, టచ్ స్క్రీన్ లేదు. నాన్నగారి మాటలు రికార్డు చేయడమే ముఖ్యమనుకుంటే జెడ్‌వీ-1. దానికి సాకెట్ ఉంది, ఫ్లాష్, వ్యూఫైండర్ ఉండవు. షాపులో జెడ్‌వీ-1ఎఫ్ అని కొత్తది చూపించి, ఇదీ అదేనంటే ఒప్పుకోకండి. అందులో 20 ఎం.ఎం. ఒక్కటే, ఆప్టికల్ జూమ్ లేదు, ఫోకస్ కాంట్రాస్ట్ రకం. పది మీటర్ల దూరం నుంచి 18 మీటర్ల వెడల్పు పడుతుంది, పాపను వెతుక్కోవాలి.

వాడినదాన్ని కొనేటప్పుడు తొందరపడకండి. మీ సొంత కార్డు తీసుకెళ్లండి. గవర్నర్‌పేట (విజయవాడ) వైపు షాపుల్లో చూసినా, ఎవరి ఇంటికైనా వెళ్లి చూసినా, లైట్ల కింద మెరిసే కౌంటరు దగ్గర కాకుండా లోపల మసకగా ఉన్న మూలకు తిప్పి, నడుస్తున్న మనిషిని తీయండి. జూమ్ పూర్తిగా ముందుకూ వెనక్కూ నాలుగుసార్లు నడిపి గరగర చప్పుడు వస్తుందేమో వినండి. ఎఫ్/11 పెట్టి తెల్లగోడను తీసి, ఫొటోను పెద్దది చేసి చూడండి. నల్లమచ్చలు కనిపిస్తే లోపల దుమ్ము చేరినట్టే. బయటికి సాగే లెన్సులు దుమ్మును లోపలికి లాగుతాయి, శుభ్రం చేయాలంటే కెమెరా విప్పాలి. ఫోన్ టార్చి లెన్సులోకి ఏటవాలుగా కొట్టి, సాలెగూడు లాంటి సన్నని పోగులు కనపడితే ఫంగస్ పట్టిందని అర్థం, ఎంత తగ్గించినా కొనకండి. కార్డు ఇంటికి తెచ్చి కంప్యూటర్లో ఫొటోలు చూశాకే డబ్బు ఇస్తామనండి. కొత్తదే తీసుకునేట్టయితే జీఎస్టీ బిల్లు, ఇండియా వారంటీ కార్డు రెండూ చేతికి రావాలి. విదేశం నుంచి తెచ్చిన పీసు, బిల్లు లేకుండా తగ్గిస్తామంటే రిపేరు వచ్చినరోజు ఆ తగ్గింపు ఎటూ చాలదు.

ఇంటికి తెచ్చాక బీరువాలో బట్టల మధ్య పెట్టకండి. కృష్ణా తీరపు తేమకు లెన్సులో బూజు పట్టడం తేలిక, పైగా బట్టల్లో వేసే కలరా ఉండల ఆవిరి కెమెరాకు హాని చేస్తుంది. గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బాలో నాలుగు సిలికా జెల్ పొట్లాలు వేసి అందులో ఉంచండి. డబ్బాను హాల్లోనే, బాబుకు అందని, మీకు అందే ఎత్తులో పెట్టుకోండి.